సముద్రం పాలయ్యే నీళ్ళు

మన ప్రాంతంలో నీళ్ళ గురించి జరిగే ప్రతి సభలోనూ ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: నదుల నీళ్ళు వృథాగా సముద్రం పాలవుతున్నాయి. వేదిక మీద వున్నది ప్రభుత్వపక్షమైనా, ప్రతిపక్షమైనా, రైతుసంఘమైనా ఈ మాటలో తేడా లేదు. కంబదూరు వంటి వూళ్ళో పుట్టినవాడికి ఈ మాట వింటే కడుపు మండుతుంది. మండటం సహజం. ఏడాది పొడుగునా పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే జిల్లా మనది. పైరు ఎండి, బోరు ఎండి, బెంగుళూరు బస్సెక్కేవాడికి ఎక్కడో ఒక నది నిండుగా పారి ఉప్పునీటిలో కలుస్తోందంటే ఎట్లా వుంటుందో వేరే చెప్పనక్కరలేదు.

అయితే కడుపుమంట వేరు, ఆలోచన వేరు. కడుపుమంట నిజమైనదే అయినా దాన్నుంచి పుట్టిన ప్రతి మాటా నిజం కానక్కరలేదు. ఈ "వృథా" అనే మాటను ఒకసారి విప్పి చూడటం అవసరం. నీరు వృథా అయిందని తేల్చేది ఎవరు? ఎవరి లెక్కలో అది వృథా? దిగువన ఆ నీటినే నమ్ముకున్నవాడు ఆ లెక్క రాసేటప్పుడు ఎక్కడ వున్నాడు? ఇవి ఇంజనీర్లు మాత్రమే తేల్చగల ప్రశ్నలు కావు. న్యాయాన్యాయాలకు సంబంధించిన ప్రశ్నలు.

వీటికి ప్రపంచంలో కెల్లా పెద్ద నిదర్శనం మధ్య ఆసియాలో వున్నది. అరల్ సముద్రం పేరుకు సముద్రమేగాని, నిజానికి నేల మధ్య చిక్కుకున్న సరస్సు. ఆము దర్యా, సిర్ దర్యా అనే రెండు నదులు తెచ్చిపోసే నీరే దానికి ఆధారం. 1960లో దాని విస్తీర్ణం సుమారు 68,000 చదరపు కిలోమీటర్లు. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు అనే పాత నాలుగు జిల్లాల రాయలసీమను మొత్తం కలిపితే ఇంచుమించు అంతే అవుతుంది. ప్రపంచంలోని సరస్సులలో అది అప్పటికి నాలుగవది. దాని ఒడ్డున మొయ్‌నాక్, అరాల్స్క్ వంటి రేవుపట్టణాలు వుండేవి. ఏటా 40,000 టన్నులకు పైగా చేపలు పట్టేవారు.

ఇటువంటి సరస్సు జమాఖర్చు చాలా తేలికైనది. ఎండకు ఆవిరైపోయేదెంతో, నదులు తెచ్చిపోసేదీ ఇంచుమించు అంతే వుండాలి. నది తగ్గితే సరస్సు తగ్గుతుంది. నీరు ఆవిరైనా ఉప్పు ఆవిరి కాదు గనుక మిగిలిన నీరు మరింత ఉప్పనవుతుంది. సోవియట్ ప్రభుత్వం ఆ రెండు నదులనూ పత్తిపొలాలకు మళ్ళించింది. 1954లో మొదలుపెట్టిన కరకుమ్ కాలువ ఒక్కటే ఆము దర్యా నీటిని ఎడారి గుండా వెయ్యి కిలోమీటర్లకు పైగా తీసుకుపోయింది. ఆ నదీలోయలలో 1960లో సుమారు 45 లక్షల హెక్టార్లుగా వున్న సాగు 1980ల నాటికి 70 లక్షలకు చేరింది. 1980ల ఆరంభానికి చేపల పరిశ్రమ చచ్చిపోయింది. 1987 ప్రాంతంలో సముద్రం ఉత్తర, దక్షిణ భాగాలుగా చీలిపోయింది. 2014లో దక్షిణ భాగపు తూర్పు మడుగు పూర్తిగా ఎండిపోయింది. ఒకప్పటి సముద్రగర్భం ఇవాళ ఉప్పు ఎడారి. పత్తిపొలాల నుంచి నదిలో కలిసి వచ్చిన పురుగుమందులు, ఎరువుల అవశేషాలు ఆ ఉప్పుతో పాటు గాలికి లేచి, కరకల్పాక్ ప్రజల ఇళ్ళ మీద, ఊపిరితిత్తులలో పడుతున్నాయి.

ఈ నాశనం ఎవరికీ తెలియకుండా జరిగిపోయినది కాదు. నదులను మళ్ళిస్తే సముద్రం కుంచించుకుపోతుందని ప్రణాళిక వేసినవారికి తెలుసు. పత్తి మీద వచ్చే లాభంతో పోలిస్తే సముద్రం విలువ తక్కువని లెక్క కట్టారు. అంటే సముద్రంలో కలిసే నదీజలాన్ని వృథా పద్దు కింద రాశారు. విచిత్రమేమిటంటే, అడుగున రాయీ సిమెంటూ లేని కాలువలలో పడి ఇసుకలో ఇంకిపోయిన అపారమైన నీటిని మాత్రం ఎవరూ వృథా అనలేదు. సరస్సుకు చేరి చేపనూ మనిషినీ బతికించిన నీరు వృథా. కాలువలో పడి ఇసుక పాలైన నీరు అభివృద్ధి!

ఇక్కడ ప్రగతివాది ఒక చిక్కును ఎదుర్కోక తప్పదు. అరల్‌ను ఎండబెట్టింది లాభాపేక్షగల కంపెనీ కాదు, జమీందారు కాదు. భూమీ నీరూ ప్రజల ఆస్తి అని ప్రకటించిన రాజ్యం. దీన్ని తప్పించుకోవడానికి రెండు సులభమైన దారులు వున్నాయి. ఒకటి శత్రువుల దారి: చూశారా, సోషలిజం అంటే ఇదే అనటం. రెండవది మిత్రుల దారి: అది కొందరు అధికారుల పొరపాటు అని సరిపెట్టుకోవటం. రెండూ నిలబడవు.

మొదటిదానికి జవాబు చరిత్రలోనే వున్నది. కాలిఫోర్నియాలో ఓవెన్స్ నదిని 1913లో లాస్ ఏంజిల్స్ నగరానికి మళ్ళించారు. పదిహేనేళ్ళు తిరక్కుండానే ఓవెన్స్ సరస్సు ఎండి దుమ్ముమడి అయింది. అక్కడ ప్రైవేటు ఆస్తికి ఏ లోపమూ లేదు. మధ్య ఆసియాను పత్తిచేనుగా మార్చే ఆలోచన కూడా బోల్షివిక్కులది కాదు. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి ఎగుమతి నిలిచిపోయినప్పుడు జారు రష్యా తన మిల్లుల కోసం తుర్కిస్తాన్ వైపు చూసింది. అదే పత్తికరువు కాలంలో లాంకషైర్ మిల్లులు మన దత్తమండలాల నల్లరేగళ్ళ వైపు చూశాయి. నేలను ఒకే పంటకు, ఆ పంటను దూరపు మిల్లుకు కట్టివేయటం సామ్రాజ్యాలు నేర్పిన విద్య.

రెండవ దారి మరింత ప్రమాదకరమైనది. పొరపాటంటే తెలియక చేసింది. ఇది తెలిసి చేసింది. సామ్రాజ్యం పోయినా దాని లెక్కలపుస్తకం మాత్రం కొత్త రాజ్యం చేతికి వచ్చింది. ఆ పుస్తకంలో పత్తికి ఒక వరుస వుంది, మొయ్‌నాక్ జాలరికి లేదు. ఆస్తి ప్రజలది అయింది గాని నిర్ణయం ప్రజలది కాలేదు. సముద్రం దూరంగా జరిగిపోయాక మొయ్‌నాక్ డబ్బాల ఫ్యాక్టరీ మూతబడకుండా దూరసముద్రాల నుంచి చేపలు తెప్పించి మరీ నడిపారు. కార్మికుడికి పని చూపించాలన్న బాధ్యత ఆ రాజ్యానికి వుంది. ఆ సంగతి కాదనలేము. నీ సముద్రాన్ని తీసుకోవచ్చునా అని అతడిని అడగాలన్న ఆలోచన మాత్రం లేదు. ఈ విషయాలు సోవియట్ పత్రికలలో బాహాటంగా చర్చకు వచ్చింది 1980ల రెండవ సగంలో. అప్పటికి చర్చించడానికి మిగిలిన సముద్రం సగమే. నీటిని ఉమ్మడి ఆస్తి చెయ్యటం అవసరమేగాని అంతటితో చాలదు. ఆ నీటి మీద నిర్ణయం కూడా ఉమ్మడి కావాలి. అరల్ నుంచి ప్రగతివాది నేర్చుకోవలసింది ఇదే.

ఇంత దూరపు కథ మనకెందుకని అడగవచ్చు. మనకూ సముద్రాలున్నాయి. కరువు జిల్లాలో మన పెద్దలు చెరువుకు పెట్టుకున్న పేరే సముద్రం. బుక్కరాయసముద్రం, అనంతసాగరం, కళ్యాణదుర్గం పక్కన బ్రహ్మసముద్రం. మొదటి బుక్కరాయల కాలంలో, 1364లో, చిక్కప్ప ఒడయరు పండమేరుకు అడ్డంగా కట్ట వేస్తే కట్టకు ఈ కొసన అనంతసాగరం, ఆ కొసన బుక్కరాయసముద్రం వెలిశాయి. నీరు లేనివాడికే నీటి విలువ తెలుసు. అందుకే వాడి చెరువు వాడికి సముద్రం. ఆ సముద్రాలలో చాలా వాటికి నీరు తెచ్చే వాగులు ఇవాళ చెరువుదాకా రావు. పైన చిన్న కట్టలు లేచాయి, బోర్లు వందల అడుగుల లోతుకు దిగాయి, వంకలు ఆక్రమణ పాలయ్యాయి. ఎవరి మట్టుకు వారు చేసుకున్న పని తప్పుగా కనపడదు. అన్నీ కలిస్తే మాత్రం చెరువు ఎండింది.

కంబదూరు పొరుగున, రామగిరి మండలంలోని పేరూరు దగ్గర పెన్న మీద అప్పర్ పెన్నార్ జలాశయం వున్నది. కట్టిన నాటి నుంచి అది నిండిన ఏళ్ళకన్నా ఎండిన ఏళ్ళే ఎక్కువ. పైన పావగడ తాలూకాలో, నాగలమడిక దగ్గర, అదే నదికి కర్ణాటకవారు ఆనకట్ట వేశారు. ఇంకా పైన చెరువు తరువాత చెరువు. పావగడ కూడా మనలాగే కరువుపీడిత తాలూకా. అక్కడి రైతు మనకు శత్రువు కాడు. వాడి లెక్కలో నాగలమడిక దాటిపోయే నీరు వృథా. మన లెక్కలో అది పేరూరు చెయ్యవలసిన సాగు. అరల్ కథలో ఇక్కడ మనది మొయ్‌నాక్ స్థానం.

1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాల మధ్య ఒక ఒడంబడిక జరిగింది. పెన్న, చిత్రావతి, వేదవతి వంటి నదుల మీద మైసూరు కొత్త జలాశయాలు కట్టాలంటే దిగువనున్న మద్రాసు సమ్మతి తీసుకోవాలని దాని సారాంశం. పైవాడు కిందివాడిని అడగాలన్న నీతి బ్రిటిషువారికి ఎట్లా పుట్టింది? దిగువన వున్నది వారి సొంత రాజ్యం, ఎగువన వున్నది వారి అదుపులోని సంస్థానం గనుక పుట్టింది. దిగువవాడు బలవంతుడైనప్పుడు అతని సమ్మతి చట్టమవుతుంది. దిగువవాడు జాలరో, పేదరైతో అయినప్పుడు అతని నీరు వృథా పద్దు కిందికి పోతుంది.

ఇంతవరకూ మనం బాధితులం. కాని మన స్థానం ఇదొక్కటే కాదు. 2012లో హంద్రీ-నీవా కాలువ గుండా కృష్ణనీరు తొలిసారి జీడిపల్లి జలాశయం చేరింది. శ్రీశైలం వెనుకనీటిని మల్యాల దగ్గర ఎత్తి, మెట్టు మీద మెట్టుగా పంపులతో తోడి తెచ్చిన నీరు అది. కృష్ణా బేసిన్ దాటి పెన్నా బేసిన్‌లోకి నదిని మళ్ళించిన వాళ్ళం ఇప్పుడు మనం. ఆ నీరు మన హక్కు. రాయలసీమకు కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్ళలో ముందు వాటా ఇస్తామని 1937 శ్రీబాగ్ ఒడంబడికలో కోస్తా నాయకులు మాట ఇచ్చారు. ఆ మాట ఎంతవరకు నిలిచిందో మన పొలాలను చూస్తే తెలుస్తుంది. ఈ కోరికలో సిగ్గుపడవలసింది ఏదీ లేదు.

కాని హంద్రీ-నీవాకు చూపించిన 40 టి.ఎం.సి.లు ఏ పద్దులోవి? మిగులు జలాల పద్దులోవి. బచావత్ ట్రిబ్యునల్ నూరేళ్ళలో డెబ్బైఅయిదేళ్ళు ఖాయంగా దొరికే 2,060 టి.ఎం.సి.లను మూడు రాష్ట్రాలకు పంచి, ఆ పైన వచ్చే వరదను హక్కు లేకుండా వాడుకోవటానికి అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు వదిలింది. "మిగులు" అన్న మాట "వృథా"కు అన్నదమ్ముల బిడ్డ. మిగులు అని ఎవరికి? 2002-2004 మధ్య కరువు కాలంలో ప్రకాశం బ్యారేజి దాటి సముద్రానికి చేరిన నీరు దాదాపు లేదు. నది సముద్రానికి చేరకపోతే ఉప్పునీరు భూమి అడుగున లోపలికి జరుగుతుంది. ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోతే డెల్టా అంచును కెరటం కోసేస్తుంది. నాగాయలంక ప్రాంతపు మడ అడవులు, ఆ అడవుల నీడన పెరిగే రొయ్య, పీత, వాటిని పట్టి బతికే కుటుంబం మన మిగులు లెక్కలో లేవు. డెల్టా పెద్దరైతు గొంతు శాసనసభలో వినిపిస్తుంది. జాలరి గొంతు వినపడదు. ఇంకొక లెక్క కూడా వుంది. మనకు నీరిచ్చే శ్రీశైలం జలాశయం అడుగున కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల వందకు పైగా గ్రామాలు వున్నాయి. 1981లో అక్కడినుంచి లేచిపోయినవారు లక్షమంది దాకా వుంటారు.

దప్పికతో వున్నవాడికి ఈ నీతులు చెప్పటం న్యాయమా అని ఒక మిత్రుడు అడగవచ్చు. ప్రశ్న బలమైనదే. దప్పిక హక్కునిస్తుందనే నేను నమ్ముతాను. తాగేనీరు, పశువు నీరు, ఎండిపోయే పైరును గట్టెక్కించే ఒకటిరెండు తడులు: వీటి ముందు మరే వాదమూ నిలవదు. కాని హక్కు దప్పిక ఎంతవరకో అంతవరకే. కాలువ వచ్చాక ఆ నీరు దప్పికైనవాడి దగ్గరికే పోతున్నదా? కాలువగట్టున మోటారు దించగలిగినవాడి తోటకు ముందు పోతున్నది. చివరి ఎకరం బుడ్డలచేను ఎప్పటిలాగే ఆకాశం వైపు చూస్తున్నది. భూమి లేని కూలికి ఆ నీటిలో వాటాయే లేదు. పేదవాడి దప్పికను చూపించి తెచ్చిన నీరు పేదవాడి పక్కనుంచే పారిపోతే, దిగువవాడి నోటి దగ్గరనుంచి దాన్ని లాక్కోవటానికి మనకున్న నైతికబలం ఏమిటి?

ఇది తీరని చిక్కు కాదు. మహారాష్ట్రలో పురందర్ తాలూకా కూడా కరువుసీమే. అక్కడ 1970లలో విలాస్‌రావ్ సాళుంకే మొదలుపెట్టిన పానీ పంచాయతీలలో నీటివాటా పొలం కొలతను బట్టి కాక ఇంట్లోని మనుషుల లెక్కన ఇచ్చారు. భూమి లేనివారికీ వాటా వుంది. చెరకు వెయ్యరాదని కట్టుబాటు పెట్టుకున్నారు. అదొక విప్లవం కాదు. కొన్ని వూళ్ళలో జరిగిన ప్రయత్నం. కాని నీరు భూమి వెంట పోవటం ప్రకృతి నియమం కాదని, మనుషులు పెట్టుకున్న నియమమని ఆ వూళ్ళు రుజువు చేశాయి.

మన జిల్లాలోనే పుట్టిన ఒక కథ ఇక్కడ గుర్తుకు రాక మానదు. బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంటే, బసిరెడ్డి కోడలు ముసలమ్మను బలి ఇస్తే కట్ట నిలుస్తుందని వాణి పలికిందట. ఆమె వెళ్ళి గండిలో నిలబడింది, కట్ట నిలిచింది. కట్టమంచి రామలింగారెడ్డి దీన్ని "ముసలమ్మ మరణం" కావ్యంగా రాసిన నాటినుంచి తెలుగువారంతా ఆమె త్యాగానికి చేతులు జోడిస్తున్నారు. జోడించవలసిందే. కాని ఆ వాణి వూరిపెద్దను అడగలేదు, పెద్దకొడుకును అడగలేదు. పరాయి ఇంటినుంచి వచ్చిన కోడలిని అడిగింది. కాదనే అవకాశం లేనివారి ఔనును సమ్మతి అనవచ్చునా? ఆమెకు కనీసం పేరు దక్కింది, పూజ దక్కింది. మన ప్రాజెక్టులు బలి కోరినవారికి అవి కూడా లేవు. వారి త్యాగాన్ని గురించి ఉపన్యాసం చెప్పేవాడు ఎప్పుడూ ఆయకట్టులోనే వుంటాడు. త్యాగం ఎవరి మట్టుకు వారు చేస్తే గొప్పది. ఒకరి తరఫున మరొకరు చేసేదానికి పేరు వేరే వుంది.

ఒక నది చాలకపోతే మరో నదిని చూడటం కూడా అరల్ కథలో వున్నదే. మధ్య ఆసియా నదులు చాలక సైబీరియా నదులను మళ్ళించాలని సోవియట్ ప్రభుత్వం పథకం వేసి, 1986లో మానుకుంది. మనం కృష్ణ చాలక గోదావరిని చూస్తున్నాం. 2015లో పట్టిసీమ వచ్చింది. పోలవరం నుంచి బనకచర్లకు నీరు తెచ్చే ప్రతిపాదన ఆ తరువాత వచ్చింది. ఆ నీరు రాకూడదని నేననను. కాని అది వచ్చే దారి మొదట్లో పోలవరం ముంపులో కొండరెడ్డి, కోయ గూడేలున్నాయి. రేపు రాయలసీమ పేరు చెప్పి వారిని తొందరగా ఖాళీ చేయించదలచినవాడికి రాయలసీమే జవాబు చెప్పాలి.

ఎగువ, దిగువ అనేవి మనుషుల స్వభావాలు కావు, నిలబడ్డ చోట్లు. ఆము దర్యా ఎగువన అఫ్ఘనిస్తాన్‌లో 2022 నుంచి 285 కిలోమీటర్ల కోష్ తేపా కాలువ తవ్వుతున్నారు. అక్కడి రైతు నిరుపేద, అతని అవసరం నిజమైనది. నిన్న సముద్రాన్ని అడగకుండా నదిని మళ్ళించిన ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్‌లు ఇవాళ దిగువన నిలబడి తమను అడగాలని కోరుతున్నాయి. దిద్దుబాటులో కూడా ఇదే చిక్కు. 2005లో కజకిస్తాన్ కొకరాల్ ఆనకట్ట కట్టి ఉత్తరపు అరల్‌ను కొంత బతికించింది. నీటిమట్టం లేచింది, చేపలు తిరిగి వచ్చాయి. ఎండిన సముద్రం ఎప్పటికీ ఎండినట్టే వుండనవసరం లేదని అది చూపించింది. అయితే ఆ కట్ట ఉత్తరాన్ని నిలిపి దక్షిణానికి పోయే నీటిని తగ్గించింది. దిద్దుబాటుకు కూడా ఒక దిగువ వుంటుంది.

అందుచేత నదులను మళ్ళించరాదన్న తీర్మానం చెయ్యటం నా ఉద్దేశం కాదు. మళ్ళించకపోతే కంబదూరు లేదు. ఆ మాటకొస్తే గోదావరి, కృష్ణా డెల్టాలూ లేవు. కాని దిగువవాడిని అడగనంతవరకూ ఏ నీటినీ వృథా అనటానికి మనకు హక్కు లేదు. పావగడవాడు మనల్ని అడగాలని కోరే మనం, నాగాయలంకవాడిని అడగటానికి సిద్ధంగా వుండాలి. రెండు స్థానాలలోనూ నిలబడి చూసిన ప్రాంతం మనది. ఈ మాట చెప్పే యోగ్యత డెల్టాకన్నా, రాజధానికన్నా మనకే ఎక్కువ.

ఈ జిల్లాలోని విద్యార్థులు, ఉపాధ్యాయులు రేపటి నీళ్ళసభలో మూడు ప్రశ్నలు వెయ్యవచ్చు. ఈ నీరు ఇంతవరకు ఎవరిని బతికిస్తున్నది, వారు ఈ సభలో వున్నారా? ఈ నీరు వచ్చాక ఏ పంటకు, ఎవరి పొలానికి, భూమి లేనివారికి ఎంత? నదిలో నదికోసం, దాని చివర సముద్రం కోసం ఎంత వదులుతున్నారు? వీటికి జవాబు చెప్పకుండా వేదిక మీద ఎవరైనా మళ్ళీ వృథా అన్న మాట ఎత్తితే, అతడు మన దప్పిక గురించి మాట్లాడటం లేదని గ్రహించటం మంచిది.